412 టపాలతో ఇల్లు మారడం

ఈ కొత్త చిరునామాలో నా బ్లాగులో నేను రాస్తున్న మొదటి టపా, అంటే పోస్టు, ఇదే. దీనికి ముందు కనిపించే 412 టపాలూ 2008 సెప్టెంబరు నుండి బ్లాగర్ వేదిక మీద రాసుకుంటూ వచ్చినవి. గత వేసవి సెలవులలో నలభై రోజులు కూర్చుని ఆ టపాలను, వాటి కింద పాఠకులు రాసిన 2,870 వ్యాఖ్యలను, వెయ్యికి పైగా ఫొటోలను వర్డ్‌ప్రెస్ మీద నేను సొంతంగా ఏర్పాటు చేసుకున్న చోటికి తెచ్చుకున్నాను. ఆ నలభై రోజులలో ఏమి చేశానో, దేనిని ఎందుకు అలా చేశానో వివరంగా రాసిపెట్టాలని అనిపించింది. పది పదిహేనేళ్లుగా తెలుగులో బ్లాగు రాస్తున్నవారు ఈనాటికీ ఉన్నారు. ఈ పని తలపెట్టి సగంలో వదిలేసినవారు నా మిత్రులలోనే ముగ్గురున్నారు. తెలుగు రాతకే ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి కాబట్టి, వాటి మాట ముందే తెలిసి ఉంటే వారికి కొంత శ్రమ తగ్గుతుంది.

నేను కందుకూరులో ఒక జూనియర్ కళాశాలలో తెలుగు చెబుతాను. 2008లో మా ఇంట్లో కంప్యూటరు లేదు. సాయంత్రం తరగతులు అయ్యాక బస్టాండు దగ్గరి నెట్ సెంటరుకు వెళ్లి, గంటకు ఇరవై రూపాయలు ఇచ్చి, లేఖిని అనే వెబ్‌సైటులో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి, తెలుగులోకి మారిన పాఠాన్ని కాపీ చేసి బ్లాగర్ పెట్టెలో అతికించేవాడిని. బ్లాగర్‌ను 1999లో పైరా ల్యాబ్స్ అనే చిన్న సంస్థ మొదలుపెట్టింది, 2003లో గూగుల్ దానిని కొనుక్కుంది. ఒక జీమెయిలు ఖాతా ఉంటే చాలు, పైసా ఖర్చు లేకుండా ఎవరైనా రాసుకోగలిగిన చోటు అది. మా చెరువుల గురించి, సముద్రపు ఒడ్డు ఊళ్లలో నీటి కోసం ఇసుకలో తవ్వుకునే దొరువుల గురించి, రాళ్లపాడు ప్రాజెక్టు కింది ఆయకట్టు గురించి, పొగాకు బ్యారన్ల దగ్గర వినపడే మాటల గురించి రాస్తే అచ్చు వేసే పత్రిక ఏదీ ఆ రోజుల్లో నాకు కనబడలేదు. పదహారేళ్లు నా రాతను నిలబెట్టిన ఆ వేదిక పట్ల నాకు కృతజ్ఞత తప్ప మరో భావం లేదు.

అయినా మారాలనుకున్నాను. కారణం ఒక్కటే, చిరునామా. బ్లాగు ఉచితంగా దొరికినప్పుడు దాని చిరునామా చివరి భాగం మనది కాదు. 2009 అక్టోబరులో యాహూ సంస్థ తన ఉచిత వేదిక జియోసిటీస్‌ను మూసివేసింది. మైక్రోసాఫ్ట్ వారి లైవ్ స్పేసెస్ 2011లో ఆగింది, అందులో రాసేవారికి వర్డ్‌ప్రెస్ డాట్ కామ్‌కు వెళ్లే దారి వారే ముందుగా చూపించారు. పోస్టరస్ అనే మరో బ్లాగు వేదిక 2013 ఏప్రిల్‌లో ముగిసింది. వీటిలో దేనిలోనూ నాకు ఖాతా లేదు, నాకు నష్టమూ జరగలేదు. కానీ దూరం నుండి చూసినప్పుడు ఒక సంగతి స్పష్టమైంది. ముందు జాగ్రత్తతో రాతను దింపుకున్నవారికి రాత మిగిలింది. ఆ రాతలకు ఇతరులు ఇచ్చిన లంకెలు మాత్రం ఒక్క రోజులో తెగిపోయాయి. సొంత డొమైన్ పేరు, అంటే మన పేరున తీసుకున్న వెబ్ చిరునామా ఉంటే, దాని వెనుక ఏ వేదిక ఉన్నా, బ్లాగును తన సర్వరు మీద ఉంచే హోస్టింగు సంస్థ ఏదైనా, పాఠకుడు కొట్టే చిరునామా మారదు. వర్డ్‌ప్రెస్‌ను ఎంచుకోవడానికి కూడా ఇదే కారణం. 2003లో మ్యాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అనే ఇద్దరు మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్ ఉచితమైనది, ఎవరి సర్వరు మీదనైనా ఎక్కించుకోవచ్చు, ఒక చోటు కుదరకపోతే మొత్తాన్ని మూట కట్టుకుని మరో చోటికి పోవచ్చు.

చిరునామా మారడమంటే ఏమిటో మా ఊరివారికి ఎవరూ చెప్పనక్కరలేదు. మా నాన్నగారి ఎస్సెస్సెల్సీ పుస్తకంలో కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉంది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు మా తాలూకా అందులో కలిసింది, 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. అందువల్ల నా సర్టిఫికెట్లన్నిటి మీదా ప్రకాశం జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను మళ్లీ విభజించినప్పుడు కందుకూరు తిరిగి నెల్లూరు జిల్లాకు వచ్చింది. ఊరు ఉన్నచోటనే ఉంది, మన్నేరు పారేచోటనే పారుతోంది, ఉత్తరం మీద రాయవలసిన జిల్లా పేరు మాత్రం మారుతూ వచ్చింది. పాత జిల్లా పేరు రాసిన ఉత్తరాలు ఇప్పటికీ మా ఇంటికి చేరుతూనే ఉన్నాయి, ఎందుకంటే పిన్‌కోడు మారలేదు, పోస్టుమ్యాన్‌కు మా వీధి తెలుసు. అంతర్జాలంలో అలా మన వీధి తెలిసినవారు ఉండరు. చిరునామాలో ఒక్క గుర్తు తేడా వచ్చినా పేజీ దొరకదు. కాబట్టి పని మొదలుపెట్టక ముందే ఒక నియమం పెట్టుకున్నాను: పాత చిరునామా పట్టుకుని వచ్చిన ఏ పాఠకుడూ వెతికిన టపా దొరకక తిరిగి వెళ్లకూడదు. ఆ నలభై రోజులలో సగానికి పైగా ఈ ఒక్క నియమం కోసమే ఖర్చయ్యాయి.

పనిలో నాకు తోడు నిలిచింది కావలిలో ఇంజనీరింగు చదువుతున్న మా మేనకోడలు. మొదట నా ఆలోచన చాలా చిన్నది. టపాలను ఒక్కొక్కటిగా కాపీ చేసి కొత్తచోట అతికిస్తే సరిపోతుందని అనుకున్నాను. ఆ అమ్మాయి నా పాత బ్లాగును గంటసేపు కిందికీ పైకీ చూసి, "మామా, నువ్వు రాసిందొకటే తీసుకపోతే యాడ సరిపోద్ది? కిందంతా జనాలు రాసిండారు గదా, అదేం కావాల?" అని అడిగింది. నేను ఆలోచించని ప్రశ్న అది, అడగవలసిన ప్రశ్న కూడా అదే.

2011లో ఒక చిన్న టపా రాశాను. చెరువు నిండి పొర్లినప్పుడు అదనపు నీరు బయటికి పోయే కట్టడాన్ని మావైపు కలుజు అంటారు, ఆ మాట గురించి. నేను రాసింది పన్నెండు వాక్యాలు, దాని కింద చేరినవి 94 వ్యాఖ్యలు. మేము అలుగు అంటామని గుంటూరు నుండి, తెలంగాణ నుండి చాలామంది రాశారు. అనంతపురం, కడప వైపువారు మరవ అంటామని, చెరువు మరవ పారిందంటే ఆ ఏడు పంటకు దిగులు లేదని రాశారు. ఏ ఊరి చెరువుకు ఎన్ని తూములున్నాయో, కలుజు మీదుగా నడిచి బడికి వెళ్లిన రోజులు ఎలా ఉండేవో చెప్పినవారున్నారు. మూడేళ్ల పాటు ఆ సంభాషణ ఆగి ఆగి సాగింది. నా పన్నెండు వాక్యాలు లేకపోయినా నష్టం లేదు గాని, ఆ 94 వ్యాఖ్యలు పోతే మళ్లీ పోగు చేయడం ఎవరి తరమూ కాదు. తరగతి గదిలో మాండలికాల పాఠం చెప్పేటప్పుడు నేను పిల్లలకు చూపించేది ఆ వ్యాఖ్యలనే.

బ్లాగర్‌లో అప్పట్లో సెట్టింగుల పేజీకి వెళ్లి కోరుకుంటే మొత్తం బ్లాగు ఒక ఎక్స్‌ఎంఎల్ అనే పాఠ్య రూపపు ఫైలుగా దిగేది. టపాలు, వ్యాఖ్యలు, లేబుళ్లు (టపా విషయం తెలిపే పేర్లు), తేదీలు అన్నీ అందులో ఉండేవి. నాది 11 మెగాబైట్ల ఫైలు. దానిని వర్డ్‌ప్రెస్‌లోకి తీసుకునే ఉపకరణం దొరుకుతుంది. ముందుగా ఇంటి కంప్యూటరు మీదనే వర్డ్‌ప్రెస్‌ను పెట్టుకుని ప్రయత్నం చేశాము. మొదటిసారి అన్నీ వచ్చినట్టే కనిపించాయి. కానీ కలుజు టపా తెరిచి చూస్తే వ్యాఖ్యలన్నీ ఒకే వరుసలో, కాలక్రమంలో నిలబడి ఉన్నాయి. బ్లాగర్‌లో 2012 మొదట్లో ఒక వ్యాఖ్య కిందనే దానికి సమాధానం రాసే ఏర్పాటు వచ్చింది, మా సంభాషణలో ఎక్కువ భాగం అలా సాగినదే. ఇప్పుడు "మావైపు అలా అనరండీ" అన్న వ్యాఖ్య ఉంది, ఎలా అనరో తెలియదు. "నిజమే, మా తాత కూడా అదే మాట వాడేవాడు" అన్నది ఉంది, ఏ మాటో తెలియదు. రెండు రోజులు ఆ ఎక్స్‌ఎంఎల్‌ను వరుస వెంట వరుస చదివి, ప్రతి సమాధానంలోనూ అది దేనికి సమాధానమో చెప్పే గుర్తు ఉన్నట్టు మేనకోడలు కనిపెట్టింది. ఆ గుర్తును పట్టుకుని ప్రతి సమాధానాన్ని దాని మూల వ్యాఖ్య కిందికి చేర్చే చిన్న ప్రోగ్రాము రాసింది. ఈ పనికి పూనుకునేవారికి నా మొదటి సలహా ఇదే: టపాల సంఖ్య సరిపోయిందని తృప్తి పడకండి, ఎక్కువ చర్చ జరిగిన మూడు నాలుగు టపాలను తెరిచి, వ్యాఖ్యలను మొదటి నుండి చివరి వరకు చదివి చూడండి.

ఇక చిరునామాల సంగతి. ఇందులో తెలుగువారికి ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. బ్లాగర్ టపా శీర్షిక నుండి చిరునామాను తయారు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలను, అంకెలను మాత్రమే తీసుకుంటుంది. శీర్షిక పూర్తిగా తెలుగులో ఉంటే తీసుకోవడానికి ఏమీ ఉండదు కాబట్టి, సంవత్సరం, నెల తరువాత "బ్లాగ్-పోస్ట్" అని పెడుతుంది, అదే నెలలో మరో తెలుగు టపా వస్తే దాని చివర ఒక అండర్‌స్కోర్ గీత, ఒక సంఖ్య చేరుస్తుంది. 2012లో చిరునామాను మనమే రాసుకునే వీలు వచ్చింది గాని నేను దానిని ఉపయోగించుకోలేదు. ఆ విధంగా నా 412 టపాలలో 389 టపాల పేరు బ్లాగ్-పోస్ట్. నెల వేరైనంత కాలం బ్లాగర్‌కు ఇబ్బంది లేదు, 2009 మార్చిలో ఒక బ్లాగ్-పోస్ట్, ఏప్రిల్‌లో ఒక బ్లాగ్-పోస్ట్ హాయిగా ఉంటాయి. వర్డ్‌ప్రెస్ పద్ధతి వేరు. నెలతో సంబంధం లేకుండా బ్లాగు మొత్తం మీద ఒక టపాకున్న పేరు మరో టపాకు ఉండకూడదు, ఉంటే చివర రెండు, మూడు అని తానే చేరుస్తుంది. కాబట్టి చిరునామాల నమూనాను అచ్చంగా బ్లాగర్ లాగే అమర్చుకుంటే సరిపోతుందని ఇంగ్లీషు బ్లాగులవారికి చెప్పే సలహా మనకు పనికిరాదు. ఆ సలహా పాటిస్తే మొదటి నెలలోని టపాలు నిలబడతాయి, మిగతావి చాలావరకు దారి తప్పుతాయి.

సరే, పాత పేర్లు ఎలాగూ నిలవవు, కొత్త పేర్లు తెలుగులోనే పెడదామని నేను ముచ్చటపడ్డాను. వర్డ్‌ప్రెస్ తెలుగు శీర్షికను చిరునామాలోకి తీసుకుంటుంది, బ్రౌజరు పైన తెలుగులోనే చూపిస్తుంది. కానీ లోపల దాచుకునే పద్ధతి అది కాదు. కంప్యూటరు అక్షరాలను రాసుకునే యూనికోడ్ (యూటీఎఫ్-8) పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు, ఒక్కొక్క బైటును చిరునామాలో శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలుగా రాస్తారు, అంటే మన గుర్తు ఒక్కటికి తొమ్మిది. కందుకూరు అన్న మాటలో హల్లులు, సున్న, గుణింతపు గుర్తులు కలిపి ఎనిమిది ఉన్నాయి, ఆ ఒక్క మాటకే 72 అక్షరాలు అయిపోతాయి. వర్డ్‌ప్రెస్ ఒక టపా పేరుకు ఇచ్చేది 200. ఇరవై రెండు గుర్తులు దాటగానే పేరు తెగిపోతుంది, రెండు మూడు మాటల శీర్షిక కూడా పూర్తిగా పట్టదు. పైగా ఆ లంకెను కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే తెలుగు కనబడదు, శాతం గుర్తులూ అంకెలూ కలిసిన పొడుగాటి వరుస కనబడుతుంది, దానిని చూసి నొక్కడానికి పెద్దవారు భయపడతారు. డాట్ భారత్ అని తెలుగు లిపిలోనే డొమైన్ పేరు తీసుకునే వీలు కూడా ఉంది, దానిని కూడా ఇలాంటి కారణాల వల్లనే వదులుకున్నాను. ఆ నిర్ణయం తీసుకున్న రోజు మనసుకు కష్టంగానే ఉంది. తెలుగు చెప్పుకుని బతుకుతున్నవాడిని, నా బ్లాగు చిరునామా తెలుగులో ఉండాలని నాకు ఉండదా? అయినా చిరునామా పని పాఠకుడిని చేర్చడం కాబట్టి, ప్రతి టపాకూ శీర్షికలోని ముఖ్యమైన ఒకటి రెండు మాటలను ఇంగ్లీషు అక్షరాలలో రాసి పేరు పెట్టాను. కలుజు, దొరువు, మాలకొండ, రాళ్లపాడు, ఇలా. 412 టపాలకు పేర్లు పెట్టడానికి వారం రోజులు పట్టింది. నా రాతను నేను మొదటి నుండి చివరి దాకా మళ్లీ చదువుకున్నది కూడా ఆ వారంలోనే.

ఆ పేర్లతో ఒక పట్టిక తయారైంది. ఒక పక్క పాత చిరునామా, మరో పక్క కొత్త చిరునామా, 412 వరుసలు. వర్డ్‌ప్రెస్ వైపు ఆ పట్టికను ఎక్కిస్తే, పాత దారిన వచ్చిన ప్రతి కోరికకూ 301 అనే జవాబు వెళుతుంది. ఈ పేజీ శాశ్వతంగా ఫలానా చోటికి మారిందని బ్రౌజరుకూ, సెర్చి యంత్రాలకూ చెప్పే సంకేతం అది. అయితే ఆ కోరిక ముందు నా కొత్త డొమైన్ దాకా రావాలి. బ్లాగర్ సెట్టింగులలో ఉన్న దారి మళ్లింపు ఆ బ్లాగు లోపలి పేజీల మధ్యనే పని చేస్తుంది, బయటి డొమైన్‌కు పంపదు. అందుకని పాత బ్లాగు పేజీల రూపాన్ని నిర్ణయించే టెంప్లేటులో నాలుగు వరుసల కోడు చేర్చాము. తెరిచిన పేజీ దారిని అట్లాగే తీసుకుని కొత్త డొమైన్‌కు పంపడం వాటి పని, అక్కడ పట్టిక చూసుకుని సరైన టపా తెరుచుకుంటుంది. అసలు పేజీ ఇప్పుడు ఎక్కడుందో సెర్చి యంత్రాలకు చెప్పే వరుస ఒకటి, స్క్రిప్టు పని చేయని ఫోనులో తెరిచినవారి కోసం మామూలు లంకె ఒకటి కూడా అక్కడే పెట్టాము. పాత బ్లాగును తీసివేయలేదు, తీసివేయను కూడా. కొత్త వ్యాఖ్యలు రాకుండా మాత్రం అక్కడ ఆపాను. ఇల్లు మారాము కదా అని పాత బ్లాగును చెరిపేసినవారిని చూశాను, దానితో పాటు దారి చూపే పలక కూడా పోతుందని వారికి ఎవరూ చెప్పలేదు.

నాకు నేను ఇచ్చుకున్న లంకెల సంగతి వేరుగా చూడవలసి వచ్చింది. 2012 నుండి కొన్నేళ్ల పాటు మన దేశంలో తెరిచినవారికి బ్లాగ్‌స్పాట్ చిరునామా చివర డాట్ ఇన్ అని కనబడేది. నేను పైన కనబడినదానిని అట్లాగే కాపీ చేసుకుని, నా టపాలలో పాత టపాలకు లంకెలు ఇచ్చుకున్నాను. 2020లో ఆ డాట్ ఇన్ పేరు గూగుల్ చేజారిపోయింది. అలాంటి 61 లంకెలను నాలుగేళ్లుగా నేను ఒక్కసారి కూడా నొక్కి చూడలేదన్న సంగతి ఈ పనిలోనే బయటపడింది. అన్నిటినీ సరిచేశాను.

ఇంటి కంప్యూటరు మీద అంతా కుదిరాక, డొమైన్, హోస్టింగు కలిపి ఏడాదికి మూడు వేల లోపు రుసుము కట్టి ఒక సంస్థ దగ్గర చోటు తీసుకున్నాము. టపాలు, వ్యాఖ్యలు ఉండే డేటాబేసును అక్కడికి ఎక్కించిన రాత్రి, బ్లాగు తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం కనబడలేదు. ప్రతి గుర్తు స్థానంలోనూ మూడేసి వింత గుర్తులు, మొదటిది ఎప్పుడూ నెత్తిన గీత ఉన్న ఇంగ్లీషు ఎ. మేనకోడలు ఆ మూడు లెక్కను చూసి వెంటనే కనిపెట్టింది. మూడు బైట్ల తెలుగు గుర్తును అక్కడి ఎక్కింపు ఉపకరణం ఒక్కో బైటు ఒక్కో అక్షరమని అనుకుని, పాత పడమటి దేశాల అక్షర పట్టికతో చదివింది. డేటాబేసును ఖాళీ చేసి, యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పి మళ్లీ ఎక్కిస్తే తెలుగు తెలుగుగా వచ్చింది. ఇలాంటిది జరిగినప్పుడు ఆ వింత గుర్తుల మీదనే కూర్చుని ఒక్కొక్క టపా దిద్దడం మొదలుపెట్టకూడదు, మూలం చెడలేదు కాబట్టి వెనక్కి వెళ్లి మళ్లీ చేయాలి.

అంతకంటే సూక్ష్మమైన నష్టం మరొకటి తప్పింది. పాత టపాలలోని అనవసరపు ఫార్మాటింగును తొలగించడానికి మేనకోడలు రాసిన మొదటి ప్రోగ్రాము, కంటికి కనబడని గుర్తులన్నిటినీ చెత్తగా భావించి ఏరివేసింది. తెలుగులో పొల్లు అక్షరాన్ని తరువాతి హల్లుతో కలవనీయకుండా ఆపేది అలాంటి కనబడని గుర్తే. అది పోవడంతో "నెట్‌లో" అని రాసిందల్లా "నెట్లో" అయింది, మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు ఒత్తులతో ముడిపడి చదవరానివయ్యాయి. అదృష్టవశాత్తు మొదటి ఫైలు నకలు దాచి ఉంచాము. అలాగే దంత్యంగా పలికే చ, జ కోసం నేను ౘ, ౙ అక్షరాలను వాడుతుంటాను. ౘుక్క, ౙొన్న అని రాస్తేనే ఆ మాటలు మా అవ్వ పలికినట్టు ఉంటాయి. ఇవి యూనికోడ్‌లోకి 2008లో చేరాయి, అన్ని ఫాంట్లలోనూ ఉండవు. కొత్త బ్లాగుకు ముచ్చటగా ఎంచుకున్న మొదటి ఫాంటులో వీటి స్థానంలో ఖాళీ గడులు వచ్చాయి, అందుకని ఫాంటు మార్చాను.

తేదీల విషయంలో ఒకే ఒక ఉదాహరణ చెబుతాను. మా దగ్గర మాలకొండ మీద లక్ష్మీనరసింహస్వామి గుడి శనివారం ఒక్కరోజే తెరుస్తారు. ఒక శనివారం తెల్లవారుజామున నాలుగు గంటలకు, ఇంటిల్లిపాదీ బయలుదేరుతూ ఉండగా, ఈరోజు మాలకొండకు వెళుతున్నామని నాలుగు మాటలు రాసి ఉన్నాను. కొత్తచోట ఆ టపా మీద శుక్రవారం తేదీ పడింది. వర్డ్‌ప్రెస్ గడియారాన్ని మన సమయానికి మార్చకుండా తెచ్చుకున్నందువల్ల తేదీలన్నీ అయిదున్నర గంటలు వెనక్కి జరిగాయి. శుక్రవారం మాలకొండ ఏమిటని మావైపు చిన్నపిల్లవాడు కూడా అడుగుతాడు. గడియారం సరిచేసి మళ్లీ తెచ్చుకున్నాము. మొదటి ఏడాది బ్లాగర్‌లో కూడా నేను గడియారం మార్చలేదు, అది అమెరికా పడమటి తీరపు సమయంలోనే నడిచింది. 2009 జనవరి 1 ఉదయం రాసిన శుభాకాంక్షల టపా పాత చిరునామాలో 2008 డిసెంబరు అని ఉండడానికి కారణం అదే. కొత్తచోట తేదీ సరిచేశాను, పట్టికలో పాత దారిని మాత్రం ఉన్నది ఉన్నట్టు ఉంచాను.

ఫొటోల గురించి తెలుసుకోవలసింది, బ్లాగర్ ఇచ్చే ఎక్స్‌ఎంఎల్ ఫైలులో ఫొటోలు ఉండవు, వాటి లంకెలు మాత్రమే ఉంటాయి. ఆ లంకె మధ్యలో ఎస్320 అనో ఎస్400 అనో ఉంటుంది, అది ఫొటో కొలత. అక్కడ ఎస్1600 అని మార్చి దింపుకుంటే పెద్ద ఫొటో వస్తుంది. ఇది తెలియక చిన్నవాటినే దింపుకుంటే తరువాత విచారించాలి. తొలి రెండేళ్లలో నేను వేరే ఒక ఉచిత ఫొటో సైటులో పెట్టి లంకె ఇచ్చిన 48 ఫొటోలు ఆ సైటుతో పాటే పోయాయి. వాటిలో 11 పాత వెబ్ పేజీల నకళ్లు దాచే వేబ్యాక్ మెషీన్‌లో దొరికాయి, మరో 14 ఇంట్లో పాత సీడీలలో దొరికాయి. మిగిలిన 23 చోట్ల, ఆ ఫొటోలో ఏముండేదో ఒక వాక్యం రాసి పెట్టాను.

చివరగా లేబుళ్లు. 168 టపాలకు ప్రకాశం జిల్లా అన్న లేబులు ఉంది, వాటిలో చాలావరకు కందుకూరు, వలేటివారిపాలెం, లింగసముద్రం, గుడ్లూరు ప్రాంతాలవి, అంటే 2022లో నెల్లూరు జిల్లాలో చేరినవి. మార్చాలా వద్దా అని చాలా ఆలోచించాను. మేనకోడలు ఒక్క నిమిషంలో అన్నిటినీ మార్చగలనంది. వద్దన్నాను. 2010లో రాసిన టపా 2010 నాటి జిల్లాలో ఉండడమే సత్యం. మా నాన్నగారి ఎస్సెస్సెల్సీ పుస్తకాన్ని ఎవరూ దిద్దలేదు గదా. జిల్లా లేబుళ్లను అలాగే ఉంచి, ప్రతి టపాకూ ఊరి పేరుతో ఒక లేబులు అదనంగా చేర్చాను. పాత టపాలలో నేను చేసిన పొరపాట్ల విషయంలోనూ ఇదే పద్ధతి పాటించాను. అసలు వాక్యాన్ని చెరపకుండా, కింద తేదీ వేసి సవరణ రాశాను, ఎందుకంటే ఆ పొరపాటును ఎత్తిచూపిన వ్యాఖ్య దాని కిందనే ఉంది, పైన వాక్యం మారిపోతే ఆ వ్యాఖ్య రాసినవారి మాట అర్థం లేనిదవుతుంది.

పట్టిక ఎక్కించిన రోజు సాయంత్రం లంకెలన్నిటినీ మేనకోడలు ప్రోగ్రాముతో పరీక్షించింది. నేను మాత్రం అటక మీది పెట్టె దింపి 2014 నాటి మా కళాశాల వార్షిక సంచిక వెతికి తీశాను. అందులో ఒక ఇంటర్ విద్యార్థిని మన చెరువుల మీద రాసిన వ్యాసం చివర నా కలుజు టపా చిరునామా అచ్చయి ఉంది. జాలంలో ఉన్న లంకెనైతే ఎవరినైనా అడిగి మార్పించుకోవచ్చు, ఆ కాగితం మీది దానిని మార్చలేము, ఆ సంచికలు ఎందరి ఇళ్లలో ఉన్నాయో తెలియదు. అద్దాలు పెట్టుకుని ఆ చిరునామాను ఒక్కొక్క అక్షరం చూస్తూ ఫోనులో కొట్టాను. పాత బ్లాగు ఒక్క క్షణం మెరిసి, కొత్త పేజీ తెరుచుకుంది. పన్నెండు వాక్యాలు, వాటి కింద 94 వ్యాఖ్యలు, "మావైపు అలా అనరండీ" అన్నది ఏ మాటకు జవాబో ఆ మాట కిందనే ఉంది.

మీ దగ్గర దాచుకున్న పాత లంకెలలో ఏదైనా తెరుచుకోకపోతే ఈ టపా కింద రాయండి, పట్టికలో చేర్చుతాను. ఫొటోలు పోయిన ఆ 23 చోట్లలో ఎక్కువ 2009 నాటి రామాయపట్నం తీరానివి. అప్పట్లో నా బ్లాగు నుండి వాటిని ఎవరైనా దింపుకుని ఉంటే, చిన్న సైజువైనా సరే, దయచేసి పంపండి.